వరఖు గల్లీలో మౌన కుమ్మక్కు

ముప్ఫై ఏళ్ళు గుడివాడలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పాను. అందులో ఒక పాఠం పేరు "మౌన కుమ్మక్కు". తెలుగు మీడియం నోట్సు రాసేటప్పుడు ఆ పేరు నేనే పెట్టాను. బజారులో అమ్మేవాళ్ళు ఇద్దరో ముగ్గురో మాత్రమే ఉంటే, వాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకోకపోయినా, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఒకే ధర నిలబెడతారు. కొనేవాడికి వేరే దారి ఉండదు. అయిదు మార్కుల ప్రశ్న. ఏటా వచ్చేది, పిల్లలు ఏటా బట్టీ పట్టి రాసేవాళ్ళు, నేను ఏటా మూడున్నర వేసేదాన్ని. దాన్ని కళ్ళారా చూసింది మాత్రం ఎప్పుడూ లేదు.

రిటైరైన రెండేళ్ళకు మురళి ఫోన్ చేశాడు. నా దగ్గర చదివినవాడే, ఇప్పుడు హైదరాబాదులో లాయరు. "మేడమ్, పాతబస్తీలో ఒక గల్లీలో వెండి వరఖు చేత్తో కొట్టేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఇద్దరిదీ ఒకే ధర. ఒకాయన పెంచితే వారం తిరక్కుండా రెండో ఆయనా పెంచుతాడు. మిఠాయి షాపులవాళ్ళు కొందరు పోటీ చట్టం కింద ఫిర్యాదు చేశారు. వాళ్ళ తరఫు లాయరును నేనే. మీరు నాలుగు రోజులు అక్కడ కూర్చుని చూసి, వాళ్ళు కూడబలుక్కుంటున్నారో లేదో రిపోర్టు రాసివ్వాలి" అన్నాడు.

వరఖు అంటే మిఠాయి మీద అంటించే వెండి రేకు. ఊపిరి తగిలినా చిరుగుతుంది. అంత పల్చటి వస్తువు మీద అంత బరువైన చట్టం ఎందుకురా అన్నాను. చట్టానికి బరువు చూడటం రాదు మేడమ్ అన్నాడు. ధర ఒకటే అయినంత మాత్రాన నేరం కాదు, ఇద్దరి మధ్య మాట నడిచిందని తేలితేనే నేరం. ఆ మాట దొరికితే కేసు షాపులవాళ్ళదే, ఆ ఇద్దరికీ జరిమానా.

నిజం చెప్పాలంటే చట్టం కోసం ఒప్పుకోలేదు. నాలుగు రోజులు మనుషుల మధ్య కూర్చోవచ్చని ఒప్పుకున్నాను. ఒంటరిదాన్ని. ఎదురింట్లో సుగుణ ఉంది, ఎకనామిక్స్ చెప్పేది. ఇరవై రెండేళ్ళు ఇద్దరం ఒకే స్టాఫ్‌రూములో ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నాం. ఆరేళ్ళ కిందట మా రెండు సబ్జెక్టులకూ కలిపి డిపార్ట్‌మెంట్ హెడ్ పదవి నాకిచ్చారు, ఆమెకివ్వలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు. పూర్వం ఊరెళితే తాళంచెవి ఆమె చేతికిచ్చి వెళ్ళేదాన్ని. ఈసారి బ్యాగులో వేసుకుని వెళ్ళాను.

కాచిగూడ మీదుగా ఉప్పుగూడ

కాచిగూడలో దిగి లోకల్ రైలెక్కి ఉప్పుగూడలో దిగాను. మురళి అక్కడ మేరీ గారింట్లో మేడమీది గది మాట్లాడి పెట్టాడు. ఆవిడ భర్త కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ డ్యూటీ చేసి రిటైరై, మూడేళ్ళ కిందట పోయాడు. నన్ను చూడగానే "ఒక్కరే వచ్చిండ్రా?" అంది. ఒక్కదాన్నే అన్నాను. "నేను గూడ ఒక్కదాన్నే. ఇద్దరమైనం పో" అని సర్వపిండి చేసి పెట్టింది. మా వైపు దాని చుట్టాన్ని తపాలాచెక్క అంటాం, కానీ మేరీ గారి చేతి నువ్వులూ వేరుశెనగా మా చెక్కలో పడవు. పప్పుచారు వేడిగా కాచుకునే మాకు, ఆవిడ పొయ్యి మీద పెట్టకుండా చింతపండు పిసికిచ్చిన పచ్చిపులుసు మొదట చల్లగా, తర్వాత చాలా రుచిగా అనిపించింది.

మర్నాడు స్టేషన్ దగ్గర షేర్ ఆటోలు మూడు నిలబడి ఉన్నాయి. వచ్చిన పని ఇక్కడి నుంచే మొదలుపెడదామని ముగ్గురినీ అడిగాను. ముగ్గురూ ఇరవై అన్నారు. మూడో అతణ్ణి పట్టుకున్నాను. "మీరంతా ముందే అనుకున్నారా?"

"అనుకునేదేముందమ్మా? ఆడు ఇరవై అంటుండు. నేను పదిహేనంటె ఆడు రేపు పది అంటడు. ఇద్దరం మునుగుతం. ఎక్కుండ్రి."

ముప్ఫై ఏళ్ళలో ఏ విద్యార్థీ ఇంత బాగా రాయలేదు. మనసులో అయిదుకు అయిదు వేసి ఎక్కాను. దిగేటప్పుడు యాభై నోటిచ్చి, అతని జవాబు నెమరేసుకుంటూ చిల్లర మరచిపోయాను. ఆటో వెళ్ళిపోయింది. పాఠానికి ఫీజు అనుకున్నాను.

మొదటి రోజు, యాదగిరి దుకాణం

గల్లీ పేరు చెప్పను. చార్మినార్ వెనక ఎక్కడో అనుకోండి. మలుపు తిరగకముందే చప్పుడు వినిపిస్తుంది. రాయి మీద తోలు సంచి, ఆ సంచిలో పుస్తకంలా కుట్టిన కాగితాలు, ప్రతి రెండు కాగితాల మధ్యా చిన్న వెండి ముక్క. దాన్ని మూడు గంటలు సుత్తితో కొడితే నూట యాభై రేకుల కట్ట తయారవుతుంది. దుకాణాలు రెండూ ఒకే వరసలో ఉన్నాయి. మధ్యలో తాళం పడిన ఇల్లొకటి. ఇటువాళ్ళు అటువాళ్ళకు కనపడరు, వినపడతారు.

మొదటిది యాదగిరిది. అరవై దాటిన సన్నటి మనిషి. నేను ఎవరి తరఫున వచ్చానో ఉన్నదున్నట్టు చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఆయన నవ్వాడు.

"గంటె మమ్ముల పట్టిచ్చెతందుకు వచ్చిండ్రన్నట్టు. కూసోండ్రి మేడమ్."

"చూడ్డానికి వచ్చానండీ యాదగిరి గారూ."

"గారు గీరు వద్దు. గారు అంటె కోర్టుల నిలబడ్డట్టున్నది. యాదన్న అనుండ్రి."

మా ఊళ్ళో గారు లేకపోతే గొడవ, ఇక్కడ గారు ఉంటే గొడవ. స్టూలు తుడిచి ఇచ్చాడు. దాని మీద దుమ్ము చూస్తే ఆ స్టూలు మీద మనిషి కూర్చుని చాలాకాలమైందని తెలిసింది. పనికి పెట్టుకున్న కూలి మనిషి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాడట, ఒక్కడే కొడుతున్నాడు. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే పక్క దుకాణం వైపు తల ఊపాడు. "ఖాదర్ వాళ్ళ బాపు నేర్పిండు. నాకు, ఖాదర్‌కు, ఇద్దర్ని ఒక్క రాయి మీద కూసోబెట్టి. ఖాదర్ సుత్తె లేస్తె నాది పడాలె. నాది లేస్తె ఆయనది పడాలె."

కాసేపటికి తనే అడిగాడు. "మేడమ్, నోటీసుల కుమ్మక్కు అని రాసిండ్రు. మా వకీలు జెప్తె సమజ్ గాలె. కుమ్మక్కంటె ఏంది?"

అడిగితే చెప్పకుండా ఉండలేని జన్మ నాది. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. "అందులో ఒక రకం మౌన కుమ్మక్కు. ఇద్దరు మనుషులు ఒక్క మాటైనా అనుకోకుండా, ఒకరి మనసు ఒకరు కనిపెట్టి, ఒకరికి నష్టం చేసే పని రెండోవాళ్ళు చెయ్యకుండా ఉండటం."

సుత్తి ఆగింది.

"గదేనా? గట్లయితే తొమ్మిదేండ్ల సంది గదే జేస్తున్నం మేడమ్, నేను, ఖాదర్."

కుమ్మక్కును ఒప్పుకున్నట్టు మురళి కేసులో వాడుకోగల మాట. నా పెన్ను కాగితం మీదే ఉంది. రాసుకోలేకపోయాను. నా నిర్వచనం అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను బాధపెట్టలేదు, ఆ రోజు పెట్టింది. పుస్తకంలో అది నేరం గురించి రాసిన వాక్యం. ఆయన నోట్లో అది స్నేహం గురించి చెప్పినట్టుంది.

రెండో రోజు, ఖాదర్ దుకాణం

ఖాదర్ భాయ్ మొదట నన్ను లోపలికి రమ్మనలేదు. తెల్లగడ్డం, బరువైన మనిషి, సుత్తి ఆపకుండానే మాట్లాడాడు.

"టీచరమ్మా, నిన్న నువ్వు ఉధర్ కూసున్నవ్. ఆడు రెండు కట్టలు కొట్టిండు. మూడోది సగంల ఇడిచిండు."

"మీకెవరు చెప్పారు?"

"చెవులున్నయ్ గద."

తర్వాత గుమ్మంలో స్టూలు వేశాడు. చాయ్ తెప్పించాడు. మా వైపు కాఫీకి అలవాటు పడ్డ నాలుకకు ఆ మరిగి మరిగిన చాయ్ పాయసంలా ఉంటుంది. సాసర్లో పోసుకుని తాగుతుంటే ఆయన మొదటిసారి నవ్వి, తొమ్మిదేళ్ళ కిందటి సంగతి చెప్పాడు.

"కార్వాన్ సేటు పెండ్లి ఆర్డర్. ఎప్పుడు ఇద్దరం సగం సగం కొడ్తుంటిమి. ఆ సాల్ యాదగిరి దగ్గర మూడు సుత్తెలు నడిచినయ్. నాకు సమజైంది, రేటు తగ్గించి ఆర్డర్ మొత్తం గుంజుకుండు. పోయి అడిగిన్నా? నక్కో. నేను ఇంకింత తగ్గించిన. ఆడు ఇంకా తగ్గించిండు. నాలుగు నెలలు ఇద్దరికి వెండి ఖర్చు గూడ రాలే. ఒక రోజు ఆడు బయట బోర్డు మీద పాత రేటు రాసిండు. నేను గూడ రాసిన. బస్. రేటు వాపస్ వచ్చింది. మాట వాపస్ రాలే."

ధర యుద్ధం, ప్రతీకారం, మళ్ళీ సర్దుబాటు. మూడు పేజీల పాఠం ఒక చాయ్ పూర్తయ్యేలోగా అయిపోయింది. మెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు.

"తర్వాత ఎప్పుడూ మాట్లాడాలనిపించలేదా?" అన్నాను.

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "రెండేండ్ల కింద నా బేగం పోయింది. ఖబ్రస్తాన్ల యాదగిరి ఆఖరి లైన్ల నిలబడ్డడు. చూసిన. నోరు రాలే. ఈ రంజాన్‌కు సేమ్యా పట్టుకొని పోదామనుకున్న. గంతల నోటీస్ వచ్చింది. వకీల్ సాబ్ అంటడు, ఫోన్ నక్కో, సలాం గూడ నక్కో, ఇద్దరు కలిసి కనబడితె కేసు ఆళ్ళదే అని. ఇప్పుడు మాట్లాడాలని ఉంది టీచరమ్మా. చట్టం వద్దంటుంది."

సాయంత్రం మురళి ఫోన్. "మాట్లాడుకుంటున్నారా మేడమ్? ఒక్క ఫోటో దొరికినా చాలు." తొమ్మిదేళ్ళుగా మాటల్లేవన్నాను. "అయినా ఒకే ధర. ప్రత్యర్థుల్లా లేరే" అన్నాడు. లేరు అన్నాను. ఆ రాత్రి మేరీ గారు వడ్డించిన అన్నం ముందు కూర్చుని సుగుణ గురించి ఆవిడకు చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరగాయ బాగుందన్నాను.

మూడో రోజు, తాళం పడిన ఇంటి ముందు

పది గంటలకు వెళ్ళేసరికి గల్లీలో చప్పుడే లేదు. ఖాదర్ భాయ్ తన గుమ్మంలో, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టి నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, ఉధర్ క్యా హువా? పొద్దుగాల సంది సుత్తె లేస్తలేదు. నా చెయ్యి గూడ ఆడతలేదు. జర చూసి రా."

వెళ్ళాను. యాదగిరి గోడకానుకుని కూర్చున్నాడు, కుడి భుజం మీద తడిగుడ్డ. చెయ్యి పైకి లేవడం లేదు.

"ఖాదర్ భాయ్ కనుక్కు రమ్మన్నారు."

తలెత్తాడు. "అడిగిండా? ఏమని అడిగిండు? అన్నది అన్నట్టు జెప్పుండ్రి."

అన్నది అన్నట్టు చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను. నా యాసలో ఆ మాటలు ఎంత వికారంగా ఉండుంటాయో గానీ, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత చిన్న మూటొకటి నా ముందుకు నెట్టాడు.

"రేపు మద్దినాలకు నాలుగు కట్టలియ్యాలె. పెండ్లి మిఠాయికి. నాతోని గాదు. ఖాదర్‌ను కొట్టమనుండ్రి. ఆర్డర్ ఆయన్నే తీసుకొమ్మనుండ్రి."

ఒకే ధరకు అమ్మడం ఒక ఎత్తు, గిరాకీని పంచుకోవడం ఒక ఎత్తు. మా సిలబస్‌లో అది పది మార్కుల ప్రశ్న. "యాదన్నా, ఈ మాట నా చేత మోయించకండి. నేను ఆ కేసు వేసినవాళ్ళ మనిషిని. వాళ్ళు వెతుకుతున్నది సరిగ్గా ఇదే."

"నేను పోరాదు. ఆయన రారాదు. మధ్యల మీరే గదా ఉన్నది మేడమ్."

మూట తీసుకున్నాను. తాళం పడిన ఇంటి ముందు పదిహేను అడుగులుంటాయి. ముప్ఫై ఏళ్ళు ఏది నేరమని చెప్పానో దాన్ని చేతిలో పట్టుకుని ఆ పదిహేను అడుగులూ నడిచాను.

ఖాదర్ భాయ్ మూట విప్పి వెండిని వేళ్ళతో నలిపి చూశాడు. "ఆర్డర్ నాకెందుకు? నేను కొడ్త, పేరు ఆడిదే ఉండాలె. ఇంకొకటి జెప్పు, కుడి పక్క మీద పండుకోవద్దను. మా బాపు భుజం గట్లనే పోయింది" అని తైలం సీసా ఒకటిచ్చాడు. మళ్ళీ ఇటు వచ్చాను. యాదగిరి, సీసా మూత తీసి వాసన చూసి, "బాపు తైలం" అన్నాడు. మళ్ళీ అటు వెళ్ళాను. నాలుగోసారి చెప్పడానికి సంగతేమీ లేదు. చాయ్ తాగాడో లేదో అడిగి రమ్మన్నాడు ఖాదర్ భాయ్, అంతే. తాగాడని వచ్చి చెప్పాను.

ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నాతో పని ఉన్న మనుషులు ఇద్దరున్నారు, అటూ ఇటూ నా కోసం ఎదురుచూస్తున్నారు. ఆ సంతోషంలో సాయంత్రం దాకా మురళి ఫోన్ ఎత్తలేదు.

నాలుగో రోజు, మళ్ళీ చప్పుడు

పొద్దున్నే యాదగిరి దగ్గర కూర్చున్నాను. పక్క దుకాణంలో సుత్తి పడుతోంది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. "ఇగో, గిది నా కట్ట" అన్నాడు. ఎట్లా తెలుసన్నాను. "నా వెండి జర మందం. సుత్తె ఆగి ఆగి పడ్తది." కట్ట అయ్యేదాకా కదల్లేదు. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది గానీ, ఎడమ చేతి వేళ్ళు అటు సుత్తి లేచినప్పుడల్లా మోకాలి మీద పడుతున్నాయి.

వచ్చేటప్పుడు ఇద్దరి దగ్గరా ఒక్కో కట్ట కొన్నాను. ధర ఒకటే.

మధ్యాహ్నం మేడమీద గదిలో రిపోర్టు మొదలుపెట్టాను. ధరలు ఎట్లా పడ్డాయో, ఎట్లా లేచాయో నాలుగు పేజీలు గబగబా వచ్చాయి. చివర ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. ఇద్దరి మధ్య సమాచారం నడిచిందా? లేదని రాస్తే అబద్ధం. నడిచిందని రాస్తే ఆ రెండు దుకాణాలూ లేవవు. పైగా నడిపింది నేనే. నేను రాకపోతే వాళ్ళ తొమ్మిదేళ్ళ మౌనం వాళ్ళను కాపాడేది. రెండు గంటలు కూర్చుని, నాలుగు పేజీలూ చింపి, ఉత్తరం ముక్క రాశాను. "మురళీ, వీళ్ళ గురించి రిపోర్టు రాసే అర్హత నాకు లేదు. ఎందుకని అడగకు. అడిగితే అబద్ధం చెప్పలేను, నిజం చెప్పను." ఫోటో తీసి పంపించాను.

అయిదు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "మేడమ్, వాళ్ళ మధ్య మాటలు మోసే మనిషి ఎవరైనా ఉన్నారా?"

సరైన ప్రశ్నే అడిగాడు, క్లాసులో ముందు బెంచీవాడు. నేను మాట్లాడలేదు. అటు నుంచి వాడూ మాట్లాడలేదు. రోడ్డు మీద ఆటోల హారన్లు ఇద్దరి ఫోన్లలోనూ మోగాయి. చాలాసేపటికి "సరే మేడమ్, జాగ్రత్తగా వెళ్ళండి" అని పెట్టేశాడు. అర్థమైపోయిందని తెలిసింది. ఆ రోజు నుంచి మా ఇద్దరిదీ అదే పాఠం.

గుడివాడ

తాళం తీస్తుంటే ఎదురింట్లో కుక్కరు కూసింది. మూడు కూతలంటే పప్పు, రెండంటే అన్నం ఒక్కటే. ఆరేళ్ళుగా సుగుణ ఏ పూట ఏం వండుకుంటుందో నాకు తెలుసు. అయిదారు రోజులు నా ఇంట్లో చప్పుడు లేదని ఆమెకూ తెలిసే ఉండాలి. అప్పటిదాకా ఇవేవీ నేను ఆలోచించలేదు. వరఖు కట్టలు బీరువాలో పెట్టాను.

అది జరిగి ఎనిమిది నెలలు. ఫిర్యాదు చేసిన మిఠాయి షాపులవాళ్ళు మిషన్ వరఖుకు మారిపోయారు, ఫిర్యాదూ వాపసు తీసుకున్నారు. అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను. పేర్లు మాత్రం అసలువి కావు. ఇవాళ పొద్దున యాదగిరి ఫోన్ చేశాడు.

"మేడమ్, గిరాకి సగం పోయింది. రెండు దుకాన్లకు సరిపోయెటంత లేదు. నాది బంద్ వెట్టి ఖాదర్ కాడ కూసుంటున్న. ఒక్కటే రాయి." వెనకాల రెండు సుత్తులు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. ఇంకో మనిషి కూడా ఉన్నట్టున్నాడే అన్నాను. "ఖాదర్, కూలాయన కొడ్తున్రు. నాది ఫోన్ పెట్టినంక." చట్టం భాషలో దాన్ని విలీనం అంటారని చెప్పబోయి మానుకున్నాను. పాఠం చెప్పే జబ్బు కొంచెం తగ్గింది. నన్ను గుర్తుపెట్టుకున్నందుకు మాత్రం చాలా సంతోషమనిపించింది, ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ ఖాళీగా ఉంది.

ఏదో ఒకటి చేద్దామని రవ్వకేసరి చేశాను. బీరువాలోంచి యాదగిరి కట్ట ఒకటి, ఖాదర్ కట్ట ఒకటి తీశాను. ఒకరిది సగం, ఒకరిది సగం అంటించాను. ఏది ఎవరిదో తేడా తెలియలేదు. గాలికి రేకులు లేచిపోతున్నాయని ఫ్యాను ఆపాను. ఫ్యాను ఆగితే వీధి బాగా వినపడింది. పన్నెండున్నర దాటింది. ఎదురింట్లో కుక్కరు కూయలేదు. నిన్న మధ్యాహ్నం కూసినట్టు కూడా గుర్తులేదు.

సుగుణకూ నాకూ మధ్య కేసు లేదు. నోటీసు లేదు. సలాం వద్దన్న వకీలు లేడు. మాట మోసిపెట్టే మూడో మనిషి కూడా ఈ వీధిలో లేరు. గిన్నె మీద మూత పెట్టి, చెప్పులు వేసుకున్నాను.